కూడారై రోజు గరిటె ఎవరి చేతిలో ఉంది?

రెండేళ్ళ కిందట కూడారై రోజు పొద్దున ఐదున్నరకి మా వంటింట్లో రెండు లీటర్ల పాలు విరిగాయి. తొమ్మిదింటికి ఆఫీసు లాగిన్, అంతకుముందే నైవేద్యం అయిపోవాలి, గుమ్మం ముందు ముగ్గు ఇంకా సగంలోనే ఉంది, బియ్యం పలుకు మీద ఉందని తెలిసి కూడా సరేలే అనుకుని తురిమిన బెల్లం తెచ్చి మరుగుతున్న పాలల్లోనే పోసేశాను. అర నిమిషం పట్టలేదు, గిన్నె నిండా తరకలు తరకలుగా విరుగుడు, అడుగున పచ్చటి నీళ్ళు. హాల్లో అత్తయ్య తిరుప్పావై చదువుకుంటున్నారు, సరిగ్గా ఇరవై ఏడో పాసురం, "పాల్ శోఱు మూడ నెయ్ పెయ్దు", పాలన్నం మునిగేలా నెయ్యి పోసి, అని ఆవిడ గొంతు వినబడుతూనే ఉంది, ఇక్కడ నా పాల్ శోఱు కాస్తా పన్నీరైపోయింది.

"ఏమ్మా, గరిటె చప్పుడు ఆగిపోయింది?" అన్నారు లోపలికి వినబడేట్టు.

"ఏం లేదత్తయ్యా" అన్నాను. పండగ పూట పొద్దున్నే అబద్ధం.

ధనుర్మాసం ఇంట్లో పాటించని వాళ్ళ కోసం రెండు మాటలు చెప్పి ముందుకెళ్తాను. డిసెంబర్ 16 ప్రాంతంలో మొదలై భోగితో ముగిసే ఈ నెలంతా రోజుకొకటి చొప్పున గోదాదేవి తమిళంలో పాడిన తిరుప్పావై 30 పాసురాలు, అంటే పాటలు, చదువుకుంటాం, తిరుమలలో కూడా ఈ నెలలో సుప్రభాతం బదులు తిరుప్పావైతోనే స్వామిని మేలుకొలుపుతారు. ఇరవై ఏడో రోజు కూడారై, మామూలుగా జనవరి 11, ఒక్కో ఏడు 12. ఆ రోజు నైవేద్యం పాలల్లో ఉడికిన అన్నం, బెల్లం, నెయ్యి కలిపి చేసే అక్కారవడిసెల్. ఇరుగుపొరుగుకి ఇచ్చేటప్పుడు మాత్రం చక్కెర పొంగలి అనేస్తాం, లేకపోతే పేరు చెప్పడానికే ఐదు నిమిషాలు పడుతుంది.

ఇక పాసురం సంగతి. రెండో పాసురంలో గోదమ్మ పాటలోని గొల్లపిల్లలే "నెయ్యుణ్ణోం పాలుణ్ణోం" అన్నారు. నెయ్యి తినం, పాలు తాగం, కళ్ళకు కాటుక పెట్టం, తలలో పూలు పెట్టుకోం అని నోము పట్టారు. పాలూ నెయ్యీ ఇంటి నిండా ఉన్న గొల్లపిల్లలు పాలు వద్దనడమంటే మాటలు కాదు, హైదరాబాద్‌లో ఉంటూ నెల రోజులు చాయ్ మానేసినట్టు అనుకోండి. ఇరవై ఏడో రోజుకి ఆ లెక్కంతా తిరిగి వస్తుంది. చేతికి గాజులు, భుజానికి వంకీలు, చెవికి కమ్మలు, చెవిపూలు, కాళ్ళకి అందెలు, ఒక్కటీ వదలకుండా వరసగా పేర్లు చెప్పి మరీ అడుగుతుంది గోదమ్మ. ఆ తరవాత కొత్త బట్టలు. వాటి తరవాత పాలన్నం, అన్నం కనబడకుండా మూసేసేంత నెయ్యి, ఆ నెయ్యి మోచేతి దాకా కారుతుండగా, "కూడి యిరుందు కుళిర్ందు", అందరూ కలిసి కూర్చుని చల్లబడడం.

ఈ పాసురం నేను పెళ్ళయిన దగ్గర్నుంచీ వింటున్నాను. పాలు విరిగిన రోజే మొదటిసారి పుస్తకం తెరిచి ఒక్కో మాటా వేలు పెట్టి చూశాను, కోపంతోనే అనుకోండి. అప్పుడు కనబడిందొకటి. ఇందులో తినడం లేదు! రెండో పాసురంలో "ఉణ్ణోం", తినం, అని ఖచ్చితంగా అన్న పిల్ల, ఇక్కడ "తింటాం" అనే మాట అననే లేదు. అన్నం ఉంది, నెయ్యి ఉంది, మోచెయ్యి ఉంది, కలిసి కూర్చోవడం ఉంది. పెద్దలు దీనికి చెప్పే వివరణ నాకు చాలా ఇష్టం. ఎదురుగా కృష్ణుడు కూర్చుని ఉంటే ఆయన్ని చూస్తూ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయిందట, అందుకే నెయ్యి మోచేతి దాకా కారింది. పాసురం మొదలయ్యేది "కూడారై" అని, కూడని వాళ్ళ పేరుతో, ఆగేది కూడి ఉండడం దగ్గర.

అది చదివాక నా బుర్ర ఇంకో పక్కకి పోయింది. సరే, అందరూ కూర్చున్నారు. మరి వండిందెవరు? వడ్డిస్తున్నదెవరు? "మీరు కానివ్వండి, నేను తరవాత తింటాను" అని గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి ఈ పాసురంలో ఎక్కడా లేదు. మా ఇంట్లో మాత్రం పద్నాలుగేళ్ళుగా ఉంది. నాకు ముందు ఆ చోట అత్తయ్య నిలబడేవారు.

దీన్ని ఆడవాళ్ళ కష్టాల చిట్టాగా చదవకండి, నాకు వంటంటే ఇష్టం, ధనుర్మాసం వంటలంటే మరీనూ. నేను అడుగుతున్నది ఆ ఒక్క "కూడి" గురించే.

మన రాయలవారికి ఇది తట్టింది చూడండి. 1509 నుంచి 1529 దాకా రాజ్యమేలిన మనిషి, గోదమ్మ కథే ఆముక్తమాల్యదగా రాశాడు, అందులో గోదమ్మను పెంచిన తండ్రి విష్ణుచిత్తుడి ఇంట్లో అతిథులకు ఏ కాలంలో ఏం పెట్టేవాళ్ళో చెబుతాడు. చలికాలంలో మిరియాల పొడి చల్లిన చుర్రుమనే కూరలు, ముక్కు వదిలించే ఆవఘాటు పచ్చళ్ళు, ఇప్పుడు చదివినా నోరూరుతుంది. నన్ను ఆపేసింది వానాకాలం పద్యం. ముసురు పట్టి కట్టెలు తడిసిపోతే, విష్ణుచిత్తుడి భార్య కళ్ళల్లోకి పొగ పోకుండా కొబ్బరి చిప్పలు మంటకు పెట్టుకుని వండేదట. భోజనం గొప్పగా ఉందని రాసిన కవులు బోలెడంత మంది. పొయ్యి దగ్గరున్న మనిషి కళ్ళు మండుతాయని గుర్తున్నది, యుద్ధాలు చేసుకుంటూ తిరిగిన ఈ రాజుగారికి.

ఇంకో సంగతి. ఈ అక్కారవడిసెల్ మొక్కు కూడా గోదమ్మదే. మదురై దగ్గరి తిరుమాలిరుంశోలై స్వామికి నూరు గంగాళాల వెన్న, నూరు గంగాళాల అక్కారవడిసెల్ సమర్పిస్తానని ఆవిడ వేరే పాసురంలో మాటిచ్చింది. ఆ మాట పాటలోనే ఉండిపోయింది. కొన్ని వందల ఏళ్ళ తరవాత రామానుజులవారు ఆ పాసురం దగ్గర ఆగి, మొక్కు తీరలేదే అనుకుని, నూరూ నూరూ చేయించి స్వామికి పెట్టారట. తరవాత గోదమ్మ ఊరు శ్రీవిల్లిపుత్తూరు వెళితే ఆవిడ "మా అన్న" అని పిలిచిందని సంప్రదాయంలో చెబుతారు. మాటిచ్చింది చెల్లెలు, వండించి పెట్టింది అన్న. కూడారై నాడు గుళ్ళలో 108 గిన్నెల్లో ప్రసాదం పెట్టడం అక్కణ్ణుంచి వచ్చిందేనంటారు. ముచ్చింతల్‌లో 216 అడుగుల రామానుజుల విగ్రహం ముందు సెల్ఫీలు దిగే అన్నయ్యలందరికీ ఈ కథ ఒకసారి చెప్పాలనిపిస్తుంది నాకు.

సరే, మా ఇంటి సంగతికొస్తాను.

మాది మల్కాజిగిరిలో మూడో అంతస్తు ఫ్లాటు. ముగ్గు వెయ్యడానికి నాకున్న చోటు రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు, అందులోనే చెప్పుల స్టాండు. టైల్స్ మీద ముగ్గుపిండి నిలవదు, లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పుడల్లా గాలికి కొట్టుకుపోతుంది. అందుకని సుద్దముక్క నీళ్ళల్లో ముంచి గీస్తాను, ఆరాక తెల్లగా పైకి తేలుతుంది, దానిమీద చిటికెడు బియ్యప్పిండి చీమల కోసం. గొబ్బెమ్మలకి ఆవుపేడ దొరకడం పెద్ద టెన్షన్. పాలబ్బాయిని బతిమాలితే ఒక కవరులో కట్టి తెచ్చి, పాల ప్యాకెట్ల పక్కనే పెట్టి పోతాడు. గుమ్మడిపూలు దొరకవు, గుడిమల్కాపూర్ నుంచి తెచ్చిన బంతిపూలే. గొబ్బెమ్మలంటే గోపికలేనంటారు కదా, మధ్యలో పెద్దదాన్ని పెట్టి చుట్టూ చిన్నవాటిని సర్దుతుంటే ఒక రోజు నవ్వొచ్చింది. ముగ్గులో ఇవన్నీ హాయిగా గుండ్రంగా కూర్చుని ఉన్నాయి, ఒక్కటి కూడా నిలబడి లేదు.

నిజంగా కూర్చుని చేసే పండగ వంట నాకు నేర్పింది మా ఎదురు ఫ్లాటు అక్క. వాళ్ళది కరీంనగర్ వైపు. సంక్రాంతికి సకినాలు చుడతారు, పైగా అది ఒక్క మనిషితో అయ్యే పని కాదు. నానబెట్టి పట్టించిన తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలిపి, హాలంతా తెల్లగుడ్డ పరిచి, ముందు పిండితోనే గౌరమ్మను చేసి పసుపు కుంకుమ పెట్టి, దాని చుట్టూ నలుగురైదుగురు కూర్చుని చుట్టడం మొదలుపెడతారు. పిండి రెండు వేళ్ళ మధ్య నుంచి సన్నటి తాడులా జారుతూ ఉండాలి, బొటనవేలు దాన్ని మెలి తిప్పుతూ ఉండాలి, చెయ్యి గుండ్రంగా తిరగాలి, మూడూ ఒకేసారి. నా మొదటి సకినం చూసి అక్క "గిదేందే, జిలేబీ చేస్తున్నవా?" అంది. అందరి నడుములూ ఒకేసారి పడిపోతాయి, అందరి చేతులకీ పిండే, ఫోను మోగినా ఎవరూ ఎత్తలేరు. గోదావరి జిల్లాల అరిసెల్లో పెరిగిన నాకు ఇది కొత్త. అరిసెల పాకం దగ్గర ఒక పెద్దావిడ పెత్తనం ఉంటుంది, మిగతా వాళ్ళు భయంభయంగా అందిస్తుంటారు. సకినాల దగ్గర పెత్తనం లేదు, కబుర్లే.

ఈసారి కూడారై ఆదివారం వచ్చింది. సగం నగరం ఊళ్ళకి బయల్దేరి పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరి ఉంది, మేం ఎక్కడికీ పోలేదు. ముందు రోజు రాత్రి అత్తయ్యకి చెప్పేశాను, రేపు పొద్దున వంట నేనొక్కదాన్నే చెయ్యను, అందరం చేస్తాం అని. ఆవిడ ఏమంటారో అని లోపల బెరుకే. కాసేపు ఆలోచించి "మడి సంగతి?" అన్నారు. అందరం తలస్నానం చేసి వస్తాం అన్నాను. "అయితే వాడికి గీజరు ముందే వెయ్యి, లేకపోతే లేవడు" అన్నారు, వాడంటే ఆవిడ కొడుకు.

చేసిన పద్ధతి చెబుతాను, ఎవరికైనా పనికొస్తే. ఒక గ్లాసు బియ్యం, పావు గ్లాసు పెసరపప్పు నేతిలో కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, ఆరు గ్లాసుల పాలల్లో సన్న సెగ మీద. ఇక్కడే ఓపిక కావాలి, గంట పైనే పడుతుంది, అడుగంటకుండా తిప్పుతూనే ఉండాలి. మావారు, మా అబ్బాయి పావుగంట చొప్పున వంతులేసుకున్నారు. వాళ్ళ పావుగంట పన్నెండు నిమిషాలకే అయిపోయేది, అది వేరే విషయం. మెతుకు వేలితో నొక్కితే వెన్నలా నలిగిపోవాలి, అప్పటిదాకా బెల్లం జోలికి పోకూడదు, బెల్లం పడిందంటే బియ్యం ఇంక ఉడకదు, పలుకు పలుకుగానే ఉండిపోతుంది. రెండు గ్లాసుల బెల్లం విడిగా కొంచెం నీళ్ళల్లో కరిగించి, వడకట్టి, ఒక్క పొంగు రానిచ్చి పెట్టుకోవాలి. అన్నం పొయ్యి దింపి వేడి కాస్త తగ్గాక ఆ పాకం పొయ్యాలి. మరిగే పాలల్లో బెల్లం పడితే ఏమవుతుందో నేను రెండు లీటర్లు పోసి తెలుసుకున్నాను. ఆఖర్న జీడిపప్పు, కిస్మిస్, ఏలకుల పొడి, ఆవగింజంత పచ్చకర్పూరం. అది కాస్త ఎక్కువైందా, చేదు. నెయ్యికి కొలత లేదు, పాసురంలో చెప్పినట్టు అన్నం మూసుకుపోవాలి. నేను ముప్పావు గ్లాసు తీస్తే అత్తయ్య నా చేతిలోంచి గిన్నె తీసుకుని మిగతాది కూడా వంచేశారు. షుగర్ మాత్ర వేసుకునే మనిషి!

హారతి అయ్యాక హాల్లో చాప పరిచాం. ఎదురు ఫ్లాటు అక్క సకినాల డబ్బాతో వచ్చింది. అత్తయ్యకి మోకాళ్ళు వంగవు, ఆవిడకొక చిన్న పీట. గిన్నె మధ్యలో పెట్టి, గరిటె అందులోనే వదిలేసి, ఎవరికి కావలసింది వాళ్ళే పెట్టుకునేట్టు చుట్టూ కూర్చున్నాం. మా అబ్బాయి మోచేతి దాకా నెయ్యి కారించి చూపిస్తానని చెయ్యి పైకెత్తి కూర్చున్నాడు, కొత్త టీషర్టు మీద మరక పడింది, నేనేమీ అనలేదు, అంటే అత్తయ్య ఊరుకోరు, పాసురంలో ఉందిగా అంటారు.

రెండు ముద్దలయ్యాక, ఇంత తీపికి పక్కన కాస్త ఆవకాయ ఉంటే బాగుండు అనిపించింది. అలవాటు కదా, చేత్తో నేలానించి లేవబోయాను. చున్నీ రాలేదు. వెనక్కి చూస్తే దాని కొంగు మీద అక్క బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది.

"యాడికి?" అంది నోట్లో సకినం పెట్టుకునే.

"ఆవకాయ..."

"ఏమొద్దు. కూసో."