అప్పారావు, జి. ఎవరమ్మా?

థీసిస్ చివరి పేజీలు గైడ్ సార్‌కి ఇచ్చి వచ్చిన మర్నాడు డిపార్ట్‌మెంట్‌కి వెళ్తే, ఉపయుక్త గ్రంథసూచి (థీసిస్‌కి వాడుకున్న పుస్తకాల జాబితా) మొదటి పేజీలో ఒకే ఒక్కచోట ఎర్రపెన్నుతో సున్నా చుట్టి ఉంది. ‘అ’ కింద మూడో పేరు.

“ఈ అప్పారావు, జి. ఎవరమ్మా? మీ వీధిలో పోస్ట్‌మాస్టరా?” అన్నారు సార్.

గురజాడ అప్పారావుగారు! తెలుగు నాటకాల మీద పీహెచ్‌డీ చేస్తూ ఆయన్ని గుర్తుపట్టలేని వేషంలో నిలబెట్టాను. ఏపీఏ, అంటే అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వాళ్ళు పెట్టిన సూచికల పద్ధతిలో ముందు ఇంటిపేరు, తర్వాత కామా, తర్వాత పొడి అక్షరాలు రాయాలి. పాశ్చాత్యులకి ఇంటిపేరు చివర ఉంటుంది కాబట్టి దాన్ని ముందుకి లాగి, లాగినట్టు తెలియడానికి కామా పెడతారు. మనకి ఇంటిపేరు ఎలాగూ ముందే ఉంటుంది. నేను మాత్రం కళ్ళు మూసుకుని చివరి మాటని ముందుకి లాగేశాను. అంటే ఆయన ఇంటిపేరు ‘అప్పారావు’ అయింది, గురజాడ కాస్తా ‘జి’ అయ్యాడు.

ఇంగ్లిష్ వ్యాసాల జాబితా చూస్తే ఇంకా ఘోరం. ఆర్ అక్షరం కింద రావులూ, రెడ్లూ బారులు తీరి ఉన్నారు. వెల్చేరు నారాయణరావుగారు ఒకరి జాబితాలో ఆర్ కింద, ఇంకొకరి జాబితాలో ఎన్ కింద కనిపిస్తారు. ‘వెల్చేరు’ కోసం వి కింద వెతికినవాడికి ఆయన దొరకరు. నా సంగతైతే చెప్పక్కర్లేదు. నా పేరు చివర ‘దేవి’ ఉంది. నావి అచ్చయిన మూడు వ్యాసాల్ని ఉదహరించినవాళ్ళు ఒకరు నన్ను దేవిని చేశారు, ఒకరు ఇంటిపేరుతోనే రాశారు, ఇంకొకరు నా పేరునీ మా ఊరినీ కలిపేశారు. ఇంటర్నెట్‌లో చూస్తే మేం ముగ్గురం. ముగ్గురికీ కలిపి ఏడు సైటేషన్లు.

ఈ మధ్య మా జూనియర్లు “అక్కా, మీ గ్రంథసూచి వర్డ్ ఫైల్ ఒకసారి పంపరా, అలాగే కొట్టేస్తాం” అని అడుగుతున్నారు. ఫైల్ పంపను గానీ, నేను పడ్డ తిప్పలు రాస్తాను.

పేర్ల సంగతికి మందు చాలా చిన్నది. గ్రంథసూచి తయారుచేసిపెట్టే సాఫ్ట్‌వేర్ జొటేరోలో రచయిత పేరుకి రెండు గళ్ళుంటాయి, ఒకటి ఇంటిపేరుకి, ఒకటి అసలు పేరుకి. పక్కనే ఉన్న చిన్న గుర్తు నొక్కితే రెండూ కలిసి ఒకే గడి అవుతుంది. అందులో ‘గురజాడ అప్పారావు’ అని రాసేస్తే అది తిరగెయ్యదు, పొడి అక్షరాలు చెయ్యదు. అకారాది క్రమంలో ‘గ’ దగ్గర బుద్ధిగా కూర్చుంటుంది. నాలుగేళ్ళు వాడి కూడా ఆ గుర్తు నొక్కి చూడలేదు, అది నా తప్పే. తెలుగు పుస్తకాలకి ఒక జాబితా, ఇంగ్లిష్ వాటికి ఒక జాబితా విడిగా పెట్టండి. రెండూ కలిపి సార్ట్ కొడితే ఏది ఎక్కడికి పోతుందో వెతుక్కోలేం. కలం పేరుతో వచ్చిన పుస్తకాలకి అట్ట మీద ఉన్న పేరే రాయాలి. శ్రీశ్రీని శ్రీరంగం శ్రీనివాసరావుగా మార్చి ‘పండితుడు’ అనిపించుకోవాలని చూడకండి.

తర్వాతది సంవత్సరం. నేను పైకి చెప్పుకోవడానికి సిగ్గుపడేది ఇదే. కన్యాశుల్కం అని రాసి పక్కన 1897 అని పెట్టాను. మొదటి ముద్రణ సంవత్సరం అదే కదా, అందరికీ తెలిసిందే కదా అనుకున్నాను. ప్రీ సబ్మిషన్ రోజు ఒక మేడమ్ లేచి, “మీరు చూపించిన ఈ సంభాషణ 1897 ప్రతిలో చూశారా?” అని అడిగారు. చూడలేదు. నా దగ్గరున్నది బజారులో దొరికే ప్రతి, 1909 నాటి రెండో కూర్పుకి పునర్ముద్రణ. గురజాడ ఆ రెండో కూర్పులో నాటకాన్ని బాగా పెంచి, దాదాపు తిరగరాశారు. నేను 1909 మాటల్ని 1897 నెత్తిన రుద్ది, దాని మీద “పందొమ్మిదో శతాబ్దం చివర్లో” అని రెండు పేజీల విశ్లేషణ కూడా చేశాను. ఆ రెండు పేజీలూ తీసేశాను. మూల సంవత్సరం, ఏటవాలు గీత, చేతిలో ఉన్న ప్రతి సంవత్సరం అని రెండూ రాసే పద్ధతి ఏపీఏలోనే ఉంది. తెలిసీ బద్ధకించాను.

పాత పుస్తకాలతో ఇంకో తంటా. వేటపాలెం సారస్వత నికేతనంలో ఒక సాంఘిక నాటకం దొరికింది. 1918లో పెట్టిన గ్రంథాలయం అది, పాత పుస్తకాలూ పత్రికలూ వెతికేవాళ్ళు ఒకసారైనా వెళ్ళాల్సిందే. ఆ పుస్తకానికి అట్ట లేదు. లోపలి పేజీ అంచులు అప్పడంలా విరుగుతున్నాయి. వెల పన్నెండు అణాలు అని ఉంది, చెన్నపురి అని ఉంది, సంవత్సరం దగ్గర ‘రక్తాక్షి’ అని మాత్రం ఉంది. అరవై ఏళ్ళకోసారి తిరిగొచ్చే పేరు. మా అమ్మకి ఫోన్ చేస్తే వేళ్ళ మీద లెక్కేసి “1984లో వచ్చిందే, మీ అన్నయ్య పుట్టిన ఏడు” అంది. అరవై తీసేస్తే 1924, ఇంకో అరవై తీస్తే 1864. పీఠికలో గాంధీ మహాత్ముడి ప్రస్తావన ఉంది కాబట్టి 1864 పోయింది. చదరపు బ్రాకెట్లలో సుమారు 1924 అని రాశాను. పుస్తకం చెప్పని సంగతి మనం ఊహించి రాస్తున్నామని ఆ బ్రాకెట్ చెబుతుంది.

చెన్నపురి అంటే గుర్తొచ్చింది. 2019లో వచ్చిన ఏపీఏ ఏడో కూర్పులో ప్రచురణ స్థలం రాయక్కర్లేదన్నారు. కొత్త పుస్తకాలకి సరే. పాత తెలుగు పుస్తకానికి చెన్నపురి, రాజమండ్రి అన్న మాట తీసేస్తే నాకు సగం పుస్తకం పోయినట్టుంటుంది. నేను ఉంచాను. మా యూనివర్సిటీ నమూనాలోనూ స్థలం అడిగారు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

పేజీ అడుగున రాసే అధస్సూచికల్లో, పైన చెప్పిన పుస్తకమే అనడానికి ‘పైదే’ అని రాయకండి, చేతులెత్తి దణ్ణం పెడతాను. నాలుగో అధ్యాయంలో పదకొండు ‘పైదే’లు వరసగా పెట్టాను. ఆఖరి నెలలో సార్ చెప్పారని మధ్యలో ఒక కొత్త సూచిక చేర్చాను. దాని కిందున్న ‘పైదే’లన్నీ ఆ కొత్త పుస్తకానికి అతుక్కుపోయాయి. ఒక ఆయన రాయని మాటలు ఆరు ఆయన ఖాతాలో పడ్డాయి. బైండింగ్‌కి ఇచ్చే ముందు రాత్రి పదకొండింటికి కనిపెట్టాను, ఆ టెన్షన్ తలుచుకుంటే ఇప్పటికీ అరచేతులు చెమట పడతాయి.

ఇటాలిక్స్ గురించి ఒక్క మాట. తెలుగు అక్షరాలకి ఇటాలిక్ కొడితే కంప్యూటర్ వాటిని పక్కకి వంచుతుంది, అంతే. ‘క్ష్మి’ లాంటివి ఈదురుగాలికి వంగిన కొబ్బరిచెట్టులా ఉంటాయి. నేను పుస్తకాల పేర్లు బోల్డ్ చేశాను. రెండో లైను లోపలికి జరగడానికి స్పేస్ బార్ కొట్టుకుంటూ కూర్చోకండి, వర్డ్‌లో కంట్రోల్ టీ చాలు. మా డీటీపీ అబ్బాయి రెండు వందల పద్నాలుగు ఎంట్రీలకీ స్పేసులు కొట్టి ఇచ్చాడు. ఫాంట్ సైజు మార్చగానే పేజీలన్నీ మెట్ల బావిలా తయారయ్యాయి.

వైవా రోజు బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ థీసిస్‌ని వెనక నుంచి తెరిచారు. నాలుగు పేజీలు తిప్పి, ఒక చోట వేలు పెట్టి ఆగారు. గుండె జారింది.

“ఈ రక్తాక్షి నాటకం ఎక్కడ దొరికిందమ్మా?”

“వేటపాలెంలో సార్.”

జేబులోంచి చిన్న చీటీ తీసి రాసుకున్నారు. ఎంట్రీ మొత్తం, స్థలంతో సహా.

ఇంటికొచ్చి అదే పేజీ తెరిచి చూసుకుంటే, దాని కింది ఎంట్రీలో 45–54 పుటలు ఉండాల్సింది 54–45 అని పడింది. ఆయన చూశారో లేదో.