బ్రిస్టల్‌లో నాలుగు చేమంతులు

2024 సెప్టెంబరు 28, శనివారం

పిల్లాడు, అమ్మాయి నిద్రపోయారు. నా కాళ్ళు లాగేస్తున్నాయి, అయినా ఇవాళ్టి సంగతి ఇవాళే రాసిపెట్టుకోవాలి.

ఇంగ్లండ్‌లో రెడింగ్‌లో ఉండే అమ్మాయి దగ్గరికి వచ్చి నాలుగు నెలలైంది. పురుడు, పథ్యం, పిల్లాడి స్నానాలతోనే రోజులు గడిచిపోయాయి. "ఊరెళ్ళేలోపు లండన్ చూపిస్తానత్తయ్యా" అని అల్లుడుగారు అంటే నేను బ్రిస్టల్ తీసుకెళ్ళమన్నాను. "అక్కడేముంది?" అని అమ్మాయి ఆశ్చర్యపోయింది. రాజా రామమోహనరాయ్ సమాధి ఉందని చెప్పాను. ఆయన పోయింది బ్రిస్టల్‌లోనే, 1833 సెప్టెంబరు 27న. నిన్నటికి 191 ఏళ్ళు. పొద్దున్నే స్టేషన్ పక్క కొట్లో పసుపుపచ్చ చేమంతుల కట్ట కొనుక్కుని రైలెక్కాను.

అక్కడి పాత ఓడ చూడ్డానికి టికెట్లు పదకొండుకి తీసుకున్నారని ముందు రేవుకే వెళ్ళాం. సముద్రం ఊరికి చాలా దూరం. ఓడలన్నీ ఏవన్ నదిలోంచే లోపలికి రావాలి. ఆ నదిలో పోటుకీ పాటుకీ మధ్య నీళ్ళు 12 మీటర్లకు పైగా ఎక్కి దిగుతాయట. వరద గోదారి చూస్తూ పెరిగినదాన్ని, కానీ రోజుకి రెండుసార్లు అంతెత్తున లేచి పడే నదిని ఊహించడం నావల్ల కాలేదు. నీళ్ళు తీసినప్పుడు సరుకుతో ఉన్న ఓడలు బురదలో ఒరిగిపోయేవి. అందుకని 1809 నాటికి నదికి లాకులు కట్టి, రేవులో నీళ్ళు ఎప్పుడూ ఒకే మట్టంలో ఉండేట్టు చేశారు. ఇప్పుడక్కడ సరుకు ఓడల్లేవు, పడవలు, హంసలు, కాఫీ కొట్లు ఉన్నాయి.

మేం చూసిన ఎస్.ఎస్. గ్రేట్ బ్రిటన్ ఓడని బ్రూనెల్ అనే ఇంజనీరు కట్టాడు. 1843లో నీళ్ళలోకి దింపారు. ఫాక్లాండ్ దీవుల్లో పాడుపడి ఉంటే 1970లో ఇక్కడికి తెచ్చి, పుట్టిన డాక్‌లోనే నిలబెట్టారు. చుట్టూ గాజుపలక పరిచి, దాని మీద పల్చగా నీళ్ళు నిలిపారు. మెట్లు దిగి గాజు కిందకి వెళ్తే తల మీద నీళ్ళు కదులుతుంటాయి, ఎదురుగా ఓడ కడుపు. తుప్పుపట్టి పొరలు లేచిన ఇనుము, అక్కడక్కడా చిల్లులు. తుప్పు ఇంకా తినెయ్యకుండా పొడిగాలి కొడుతూ ఉంటారు. అంత శ్రద్ధ చూస్తే ముచ్చటేసింది. 1857లో మన సిపాయిల మీదికి సైనికుల్ని బొంబాయి చేర్చింది కూడా ఈ ఓడేనని తెలిశాక కాసేపు అక్కడే నిలబడిపోయాను.

అక్కణ్ణించి ఎం షెడ్ మ్యూజియం. కోల్‌స్టన్ విగ్రహం నిలబెట్టి లేదు, వెల్లకిలా పడుకోబెట్టి ఉంది. బానిసల వ్యాపారంలో గడించి, ఊరికి దానధర్మాలు చేసిన మనిషి. 2020 జూన్ 7న జనం దాన్ని కూలదోసి రేవులో పారేశారు. పూసిన ఎర్రరంగు అలాగే ఉంచారు. 1698 నుంచి 1807 దాకా ఈ ఊరి ఓడలు 5 లక్షల మందికి పైగా ఆఫ్రికన్లను మోసుకెళ్ళాయి. ఈ అందమైన మేడల్లో ఆ డబ్బు ఎంతుందో అనుకుంటూ నడిచాను.

విగ్రహాన్ని పారేసిన చోటి పక్కనే చిన్న వంతెన, పెరో బ్రిడ్జి. పిన్నీ అనే తోటల యజమాని వెస్టిండీస్‌లోని నీవిస్ దీవిలో 12 ఏళ్ళ పెరో అనే పిల్లాణ్ణీ, వాడి ఇద్దరు తోబుట్టువుల్నీ బానిసలుగా కొన్నాడు. తర్వాత పెరోని నౌకరుగా ఇక్కడికి తెచ్చుకున్నాడు. 1999లో కట్టిన వంతెనకి పిన్నీ పేరు పెట్టలేదు, పెరో పేరు పెట్టారు. నాకది ఎంతో నచ్చింది.

ఆర్నోస్ వేల్ శ్మశానానికి చేరేసరికి మూడు దాటింది. పెద్ద పెద్ద చెట్లు, పచ్చగడ్డి, తడి ఆకుల వాసన. శిలువల మధ్య రామమోహనరాయ్ గారి సమాధి, మన గుడి మండపంలాంటి రాతి ఛత్రి. ఆయన స్నేహితుడు ద్వారకానాథ్ ఠాగూర్ కట్టించారు. రాయ్ గారిని మొదట వేరేచోట ఖననం చేసి, 1843లో ఇక్కడికి మార్చారు. రాతి మీద రాసింది అల్లుడుగారు చదివి చెప్పారు. అందులో సతి అనే మాట ఉంది. ఆ ఆచారాన్ని నిషేధించిన చట్టాన్ని కొట్టెయ్యాలని సనాతనులు లండన్‌కి చేసుకున్న అప్పీలు 1832లో వీగిపోయింది. అప్పుడాయన ఈ దేశంలోనే ఉన్నారు. బానిసత్వాన్ని రద్దు చేసే చట్టం 1833 ఆగస్టు 28న వచ్చింది. తర్వాత నెలలోపే ఆయన జ్వరంతో ఇక్కడ కన్నుమూశారు.

మాది రాజమండ్రి. వీరేశలింగం గారు 1881లో తొలి వితంతు వివాహం చేయించినప్పుడు వంటవాళ్ళూ నీళ్ళు తెచ్చేవాళ్ళూ మానేస్తే, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరికి వెళ్ళి బిందెతో నీళ్ళు తెచ్చి పెళ్ళివంట చేశారు. చేమంతుల్లోంచి నాలుగు తీసి విడిగా మెట్టు మీద పెట్టాను. ఒకటి రామమోహనరాయ్ గారికి, రెండు ఆ దంపతులకి.

"నాలుగోది ఎవరికమ్మా?" అంది అమ్మాయి.

చిన్నబామ్మకి. మా తాతయ్య చెల్లెలు. తొమ్మిదో ఏట మొగుడు పోయాడు. వీరేశలింగం గారి ఊళ్ళోనే పుట్టి, డెబ్భై ఏళ్ళు తెల్లచీరలో బతికింది. నా పెళ్ళికి లడ్డూలన్నీ ఆవిడే చుట్టింది. తలంబ్రాలప్పుడు తలెత్తితే వంటింటి తలుపు సందులోంచి ముసుగు, ఒక కన్ను కనిపించాయి. బయటికి రమ్మని ఎవరూ పిలవలేదు. పీటల మీద ఉన్నాను, నేనూ పిలవలేదు.

తిరుగు రైల్లో ఇదంతా మొదటిసారి అమ్మాయికి చెప్పాను. పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని చివరిదాకా వింది.

"ఆవిడ అసలు పేరేంటమ్మా?" అంది.

నాకు తెలీదు. ఇంట్లో అందరికీ చిన్నబామ్మే. రేపు పొద్దున్నే అన్నయ్యకి ఫోన్ చేసి అడగాలి.