చిత్తుప్రతి కూడా జతచెయ్యాలి

మన విజయనగరం కాలేజీ సంచిక కమిటీ వాళ్ళు ఫోన్ చేసి "తెలుగు శాఖ గురించి రెండు పేజీలు రాసివ్వండి సార్" అన్నారు. వెంటనే అటక మీది రేకుపెట్టె దింపాను. అందులో నా బీయే మొదటి సంవత్సరం స్పెషల్ తెలుగు నోట్సు ఉంది. అట్ట ఊడిపోయింది గానీ మొదటి పేజీ మిగిలింది. ఆ పేజీలో పాఠం లేదు, కవి పరిచయం లేదు. 1984 జులైలో తెలుగు మాస్టారు మొదటిరోజు చెప్పి రాయించిన నియమాలున్నాయి.

పద్నాలుగో నంబరు గది మీకు గుర్తుండే ఉంటుంది. పైన రేకులు. ఆ రోజు వాన. రేకుల మీద చప్పుడుకి మాస్టారి మాటలు సగం వినపడలేదు, అందుకే నా నోట్సులో మూడో నియమం "ఆలస్యంగా వచ్చినవాడు కిటికీ దగ్గర" అని ఆగిపోయింది. మిగతాది తరవాత అనుభవంతో తెలిసింది. పద్యం ఎత్తుకున్నాక తలుపు తియ్యకూడదు. వరండాలో కిటికీ దగ్గర నిలబడి వినాలి. విన్నవాడికి హాజరు వేస్తారు. "కిటికీలోంచి విన్నా పద్యం పద్యమే" అనేవారు. యూనివర్సిటీకి కావలసింది డెబ్భై అయిదు శాతం హాజరు. అది తగ్గితే డాక్టరు సర్టిఫికెట్టు, కండొనేషన్ ఫీజు. మాస్టారికి ఆ లెక్క పట్టేది కాదు. పద్యం మధ్యలో చెప్పుల చప్పుడు వినపడకూడదు, అంతే.

ఈ నియమం మాలాంటి బస్సు పిల్లలకి అన్యాయం. మాది గజపతినగరం అవతల పల్లెటూరు. బస్సు ఎప్పుడొస్తుందో డ్రైవరుకే తెలీదు. కొత్తవలస వైపు నుంచి పాసింజరు బండిలో వచ్చేవాళ్ళదీ అదే గతి. నెలరోజులు కిటికీ దగ్గర నిలబడ్డాక మాలో ఒకడు ధైర్యం చేసి అడిగాడు. మర్నాడు మాస్టారు నియమం సవరించారు: బస్సు టిక్కెట్టు చూపించినవాడు లోపలికి రావచ్చు, కానీ చెప్పులు వరండాలో విడవాలి. రాసిన నియమాన్ని నలుగురి ముందు కొట్టేసి మళ్ళీ రాయించిన పెద్దమనిషిని నేను ఉద్యోగంలో ముప్పై ఏళ్ళలో ఇంకొకర్ని చూళ్ళేదు.

వ్యాసరచన రెండు వారాలకొకసారి, శుక్రవారం. మూడువందల మాటలు. ఎడమ పక్క బెత్తెడు మార్జిన్. పదికి మార్కులు: చూసిందీ విన్నదీ ఉంటే నాలుగు, వరస కుదిరితే మూడు, భాషకి రెండు, అక్షరదోషాలు లేకపోతే ఒకటి. అక్షరదోషాలకి ఒక్కటేనా అని మేం లోలోపల సంతోషించాం. ఆ నాలుగు మార్కులే ఎవరికీ రావని తరవాత తెలిసింది. గడువు దాటితే తరవాతి క్లాసులో ఇవ్వచ్చు గానీ రెండు మార్కులు పోతాయి. అదీ దాటితే చదువుతారు, మార్కులు వెయ్యరు.

ఆ ఏడు ఆగస్టు 16న రామారావుగారి ప్రభుత్వాన్ని దించేశారు కదా. ఊరేగింపులు, బందులు, కాలేజీ లేదు. మా మొదటి వ్యాసం గడువు సరిగ్గా ఆ గొడవల్లో పడింది. క్లాసులు మొదలయ్యాక "గడువు పోయినట్టే కదా మాస్టారూ" అని సంబరంగా అడిగితే, "ప్రభుత్వం పడిపోయింది గానీ గడువు పడిపోలేదురా" అని చెయ్యి చాపారు. సెప్టెంబరు 16న రామారావుగారు మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. మా రెండు మార్కులు మాత్రం తిరిగి రాలేదు.

వ్యాసం మొదట్లో వాడకూడని వాక్యాల పట్టిక ఒకటుంది. "మానవుడు సంఘజీవి", "నేటి ఆధునిక యుగంలో", "పూర్వకాలం నుండి నేటి వరకు", "ఏమనగా". ఈ నాలుగూ తీసేస్తే మాలో చాలామందికి మొదలుపెట్టడమే చేతకాలేదు. ఒక అమ్మాయి "మానవుడు సంఘజీవి కాడు" అని మొదలుపెట్టింది. ఆ వ్యాసానికి ఎనిమిది మార్కులొచ్చాయి.

ఇక గైడ్లు. మా క్లాసులో సగంమందిమి ఇంట్లో మొదటి చదువు. నన్నయ పద్యం ముందు కూర్చోబెట్టి గైడు ముట్టుకోవద్దంటే ఈత రానివాణ్ణి అయ్యకోనేట్లోకి తోసినట్టే. ఆ విషయంలో మాస్టారిది మొండిపట్టు అనే నేను ఇప్పటికీ అంటాను. అయితే ఆ పట్టు ఎందుకో ఒకరోజు చూపించారు. శకుంతల దుష్యంతుడితో చెప్పే పద్యం, "నుతజల పూరితంబులగు నూతులు నూఱిటికంటె". నూరు నూతులకంటె ఒక బావి మేలు, నూరు బావులకంటె ఒక యజ్ఞం, నూరు యజ్ఞాలకంటె ఒక కొడుకు, నూరుగురు కొడుకులకంటె ఒక్క నిజమైన మాట మేలు. అందరికీ తెలిసిన పద్యమే. అందులో "సూనృతవ్రత యొక బావి మేలు" అన్న చోట ప్రతిపదార్థం రాయమన్నారు. ఇరవైమందిమి "సత్యవ్రతం గల ఒక బావి" అని రాశాం. ఎవరి గైడో ఏమో గానీ తప్పు అందరిదీ ఒకటే.

"బావికి వ్రతం ఏమిటర్రా?" అన్నారు మాస్టారు. ఆ నవ్వులో కోపం లేదు. సూనృతవ్రతా అన్నది సంబోధన. నిజం చెప్పడమే వ్రతంగా పెట్టుకున్నవాడా అని రాజుని పిలుస్తోంది. ఎవర్ని? నిండు సభలో నువ్వెవరో నాకు తెలీదని అబద్ధమాడుతున్నవాణ్ణి. ఆ పిలుపులో ఎంత దెబ్బ ఉందో చూడమన్నారు. పదం ఎక్కడ విడదియ్యాలో తెలియకపోతే శకుంతల నోట్లోంచి ఆ మాట తీసేసి బావిలో పడేసినట్టే అన్నారు. దాని తరవాతే "అర్థం కానిచోట అర్థం కాలేదని రాస్తే అరమార్కు ఇస్తాను" అన్న ఐదో నియమం నాకు బోధపడింది. తెలిసినట్టు నటించినవాడికి సున్నా. ఆ ఏడాది నేను అరమార్కులు చాలా సంపాదించాను.

ఇంకొకరి వాక్యం తెచ్చుకుంటే కొటేషన్లలో పెట్టి ఎవరిదో రాయాలి. కవిదైనా, గైడుదైనా, పక్కవాడిదైనా, ఇంట్లో ముసలమ్మదైనా. "మా నాయనమ్మ అన్నది" అని పేరు పెట్టి రాస్తే మార్కు ఎక్కువే పడేది. పేరు చెప్పకుండా ఎత్తి రాసినవాడికి సున్నా వెయ్యరు, తిట్టరు. గంట కొట్టాక ఆపి, కాయితం బోర్లా పెట్టి, "ఇందులో ఏం రాశావో నీ నోటితో చెప్పు నాయనా" అనేవారు. తిట్టినా బాగుండుననిపించేది.

ఏ భాషలో రాయాలన్నది మా క్లాసులో పెద్ద తగువు. "చేసెను అని రాయాలా, చేసింది అని రాయాలా మాస్టారూ?" అని అడిగాడొకడు. ఏదైనా ఒకటి పట్టుకోమన్నారు. రెండూ కలిపి వండితే ఒప్పుకోనన్నారు. ఆ రోజు పాఠం మానేసి ఆ తగువు కథంతా చెప్పారు. వందేళ్ళ కిందట మద్రాసు యూనివర్సిటీలో ఇంటర్మీడియట్ కుర్రాళ్ళు తెలుగు వ్యాసం ఏ భాషలో రాయాలన్న పేచీ వచ్చింది. అటు పాత పుస్తకాల భాష, అంటే గ్రాంథికమే ఉండాలన్న జయంతి రామయ్య పంతులుగారు, 1911లో పుట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు. ఇటు వాడుకభాష కావాలన్న పర్లాకిమిడి గిడుగు రామమూర్తిగారు, మన ఊళ్ళో గురజాడ అప్పారావుగారు. దానిమీద వేసిన సంఘంలో ఎక్కువమంది గ్రాంథికం వైపే మొగ్గారు. 1914లో అప్పారావుగారు ఇంగ్లీషులో పెద్ద అసమ్మతి పత్రం రాసిచ్చారు. మరుసటి ఏడు నవంబరు 30న పోయారు. ఆయన పాఠాలు చెప్పింది మహారాజా కాలేజీలో, మన కాలేజీలో కాదు. అయినా ఊరు ఒకటే కాబట్టి మనకీ వాటా ఉందనుకుంటాను. అంత పెద్ద యుద్ధానికీ మూలం కుర్రాళ్ళ వ్యాసానికి పెట్టే ఒక నియమం అని నాకు ఆ రోజే తెలిసింది. వాడుకభాష అంటే సినిమా డైలాగు అనుకునేవాణ్ణి అప్పటిదాకా.

ఇప్పుడు అసలు సంగతి. నోట్సులో రెండు గీతలు కొట్టి ఉన్న నియమం ఇది: "సాపుప్రతితో పాటు చిత్తుప్రతి కూడా జతచెయ్యాలి. చిత్తులో కొట్టివేసినవి చదవడానికి వీలుగా ఉండాలి." దీన్ని మేం అసహ్యించుకున్నాం. రెట్టింపు కాయితం ఖర్చు. పైగా కొట్టేసింది చూపించడమంటే ఉతకని బట్టలు చూపించినట్టు సిగ్గు. కొంతమంది సాపు రాసేసి, దాన్ని చూసి దొంగ చిత్తు తయారుచేసేవాళ్ళు, అక్కడక్కడా ఉత్తుత్తి కొట్టివేతలు పెట్టి. మాస్టారు ఇట్టే పట్టేసేవారు. దొంగ చిత్తులో కొట్టేసిన మాటలకంటె ఉంచిన మాటలే ఎప్పుడూ బాగుంటాయిట.

నా రెండో వ్యాసం "మా ఊరి సంత". మానాపురం పశువుల సంత మాకు దగ్గర. నేను "సంత యనగా గ్రామీణ ఆర్థిక వ్యవస్థకు పట్టుగొమ్మ" అని ఎత్తుకుని మూడువందల మాటలు నింపాను. తిరిగొచ్చిన కాయితం మీద ఎర్రసిరాతో ఒకే వాక్యం ఉంది: "ఈ సంతలో ఎక్కడా ఒక్క పశువు లేదు. నువ్వు వెళ్ళావా?" మార్కులు మూడు. కింద చిత్తుప్రతిలో నేను అడ్డంగా గీకేసిన రెండు వాక్యాల చుట్టూ మాత్రం ఎర్రగా సున్నా చుట్టి, పక్కన "దీన్ని ఎందుకు కొట్టేశావు?" అని ఉంది.

ఆ రెండు వాక్యాలు ఇవి. "నాన్న పలుపు భుజాన వేసుకుని వచ్చాడు. అమ్మ దాన్ని చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది."

మా ఇంట్లో పశువుని అమ్మినా దాన్ని కట్టే పలుపు ఇవ్వరు. అంతకుముందు వేసవిలో మా ఎడమపక్క ఎద్దుని అమ్మేశాం, నా కాలేజీ ఖర్చుకి. సంతకి నాన్నతో నేనూ వెళ్ళాను. బేరం తువ్వాలు కింద జరిగింది, వేళ్ళు పట్టుకుని. మాట పైకి రాదు. నాన్న మొహం చూస్తే ఎంతకి దిగాడో నాకు తెలుస్తూనే ఉంది. ఇదంతా రాస్తే కాలేజీలో నవ్వుతారని, "ఆర్థిక వ్యవస్థ" అంటే మార్కులొస్తాయని, నా చేత్తో నేనే కొట్టేశాను.

ఆ సాయంత్రం అయ్యకోనేరు గట్టు మీద మాస్టారు కనిపించారు. రోజూ ఆ వేళకి అక్కడ నడిచేవారు. ఏ సందేహమున్నా అక్కడికి రమ్మనేవారు గానీ ఇంటికి రానిచ్చేవారు కాదు. "మళ్ళీ రాస్తావా?" అన్నారు. గడువు దాటింది కదా మాస్టారూ అన్నాను. "మార్కులు వెయ్యను, చదువుతాను" అన్నారు.

రాశాను. మార్కులు వెయ్యలేదు. ఆ కాయితం మీద ఒకే ఒక్క అక్షరదోషం దిద్ది ఇచ్చేశారు. ఇంకేమీ రాయలేదు. ఇంట్లో లాంతరు ముందు అది రాస్తుంటే నాన్న "ఏటిరా అంత రాస్తన్నావు?" అని అడిగాడు. సంత గురించి అన్నాను. "సంత గురించి రాయడానికేటుంది" అని వెళ్ళి పడుకున్నాడు. చదివి వినిపించలేదు. వినిపించి ఉండాల్సింది.

అన్నీ మంచే జరిగాయని చెబితే అబద్ధం. ఏడాది చివర యూనివర్సిటీ పరీక్షలో నాకు తెలుగులో నలభై ఒకటి వచ్చాయి. గైడు బట్టీపట్టినవాడికి అరవై మూడు. దిద్దినాయన ఎవరో నాకు తెలీదు, తెలిసినా ఇప్పుడు చేసేదేమీ లేదు. మాస్టారి దగ్గరకి వెళ్ళి దాదాపు దెబ్బలాడాను. ఆయన సమర్థించుకోలేదు. "పరీక్షకి ఎలా రాయాలో మీకు విడిగా చెప్పి ఉండాల్సింది. నా పొరపాటు" అన్నారు. రెండో సంవత్సరంనుంచి ఆఖరి నెలలో పరీక్షల కోసం వేరే క్లాసు తీసుకున్నారు, మొహం చిట్లించుకునే. ఆ క్లాసుల్లో చిత్తుప్రతి అడగలేదు.

నేను రెవెన్యూలో చేరాను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు సముద్రం వైపు మండలాల్లో నష్టం లెక్కలు రాయించే పని నా మీద పడింది. కుర్ర ఉద్యోగి ఒకతను "ఉద్యాన పంటలకు అపార నష్టం వాటిల్లినది" అని రాసుకొచ్చాడు. ఎన్ని కొబ్బరిచెట్లు, ఎవరివి, వేళ్ళతో లేచాయా, మొవ్వు విరిగిందా అని అడిగాను. వెళ్ళి చూసొచ్చాడు. ఎర్రసిరా పెన్ను నా దగ్గర లేకపోయింది గానీ ఉంటే వాడేవాణ్ణి.

ఈమధ్య మా మేనకోడలి కూతురు అమెరికా నుంచి వచ్చింది. అక్కడే పుట్టిన పిల్ల, కాలేజీ మొదటి సంవత్సరం. వాళ్ళ కాలేజీలో ఏ గ్రూపువాళ్ళయినా ఇంగ్లీషు కాంపోజిషన్ చదివి తీరాలిట. దాని సిలబస్ ఫోన్లో చూపించింది. సిలబస్ అంటే పాఠాల పట్టిక అనుకున్నాను. తొమ్మిది పేజీల నియమాలు. ఆలస్యమైతే రోజుకింత కోత, ఎత్తిరాతకి ఇంత శిక్ష, టీచరు గదిలో ఉండే వేళలు. చివర్లో కృత్రిమ మేధ గురించి ఒక పేరా: దానితో రాయించకూడదు, అనుమానం వస్తే వ్యాసం చిత్తుప్రతులన్నీ, ఏ రోజు ఏం మార్చారో సహా, చూపించాలి. "ఇది టూ మచ్ కదా తాతయ్యా" అంది. నేను లోపలికెళ్ళి నోట్సు తెచ్చి రెండు గీతల నియమం చూపించాను. దానికి తెలుగు చదవడం రాదు. చదివి చెప్పాను.

మాస్టారు ఆ మొదటిరోజు ఎనిమిది నియమాలు చెప్పారు. తొమ్మిదోది "పద్యం కంఠతా రావాలి గానీ" దగ్గర గంట కొట్టింది. మర్నాడు వచ్చి నేరుగా పద్యం ఎత్తుకున్నారు. గానీ తరవాత ఏమిటో ఎవరికైనా గుర్తుంటే నాకు చెప్పండి. కిటికీ దగ్గరి బ్యాచ్ వాళ్ళు కాకుండా లోపల కూర్చున్నవాళ్ళు ఎవరైనా.

సంచిక కమిటీ వారికి: ఈ వ్యాసంతో పాటు పదకొండు పేజీల చిత్తుప్రతి కూడా కవరులో పెట్టాను. కొట్టేసినవి చదవడానికి వీలుగానే ఉన్నాయి. వాటిలో ఏదైనా బాగుంటే అదే వేసుకోండి.