ఆటిజం వెనుక దాగిన నొప్పి

మా అబ్బాయికి ఏడేళ్లున్నప్పుడు, దాదాపు రెండు నెలల పాటు ప్రతి సాయంత్రం సోఫా చేతికి పొట్ట ఆనించి బోర్లా పడుకునేవాడు. కాసేపటికి లేచి అరచేత్తో దవడ మీద కొట్టుకునేవాడు. వాడికి మాటలు లేవు కనుక ఎందుకని అడిగినా చెప్పలేడు. చూపించిన చోటల్లా "ఆటిజం పిల్లల్లో ఇది మామూలేనమ్మా, థెరపీ గంటలు పెంచండి" అన్నారు. మేమూ పెంచాం. చివరికి ఒక పిల్లల వైద్యురాలు వాడి పొట్ట నొక్కి చూసి, "విరేచనం సరిగా అవుతోందా?" అని అడిగారు. రోజూ నిక్కరుకు కొంచెం కొంచెం అంటుతూనే ఉంది కనుక మలబద్ధకమన్న ఆలోచనే రాలేదని చెప్పాను. గట్టిపడిన మలం పేగులో పేరుకుపోయినప్పుడు దాని పక్కనుంచి పల్చటిది జారుతుందని, అది చూసి తల్లిదండ్రులు పొరబడతారని ఆవిడ వివరించారు. మందుతో పొట్ట శుభ్రపడిన వారానికే కొట్టుకోవడం ఆగిపోయింది.

అన్నింటినీ ఆటిజం ఖాతాలో వేయడం వల్ల బిడ్డ నొప్పి ఎవరికీ కనబడకుండా పోతుందని నాకు అప్పుడే తెలిసింది. నిజానికి మలబద్ధకానికి కారణాలు మా కళ్లెదుటే ఉన్నాయి. వాడు పెరుగన్నం, బంగాళదుంప వేపుడు తప్ప వేరే ఏదీ ముట్టడు, నీళ్లు అంతంతమాత్రంగా తాగుతాడు, కడుపులో కలిగే ఒత్తిడిని గుర్తుపట్టడం కూడా వాడికి కష్టమే. 1943లో పిల్లల మనోవైద్యుడు లియో కానర్ ఆటిజం ఉన్న 11 మంది పిల్లల గురించి రాసిన తొలి వ్యాసంలోనే తిండి దగ్గర వచ్చే ఇబ్బందుల ప్రస్తావన ఉంది.

మూర్ఛ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఆటిజం ఉన్నవారిలో, ముఖ్యంగా మేధోవైకల్యం కూడా ఉన్నవారిలో, ఇది మిగతావారికంటే ఎక్కువగా కనిపిస్తుంది. చిన్నతనంలో రాకపోయినా యుక్తవయసులో మొదలు కావచ్చు. అది ఎప్పుడూ కాళ్లూ చేతులూ కొట్టుకుంటూనే రాదు. పిలిచినా, భుజం తట్టినా పలకకుండా కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తూ ఉండిపోతే, "తన లోకంలో ఉన్నాడు" అనుకుని వదిలేయకుండా, ఫోనులో వీడియో తీసి న్యూరాలజిస్టుకు చూపించాలి.

మనసుకు సంబంధించినవీ ఇంతే. అమెరికా మనోవైద్యుల సంఘం మానసిక సమస్యల నిర్ధారణకు వాడే తన పుస్తకానికి 2013లో డీఎస్ఎం-5 అనే కొత్త కూర్పు తెచ్చేవరకు, ఆటిజం ఉన్నవారికి ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతి చురుకుదనం) కూడా ఉందని నిర్ధారించడానికి ఆ పుస్తకం నియమాలు ఒప్పుకునేవి కావు. రెండూ ఉన్న పిల్లలు ఎందరో ఒకదానికే చికిత్స పొందారు. ఆందోళన, నిద్రలేమి కూడా తరచుగా తోడుంటాయి. ఆటిజం ఉన్నా చక్కగా మాట్లాడుతూ ఉద్యోగాలు చేసుకుంటున్న పెద్దవారిలో కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు ఎక్కువగా ఉంటాయన్న సంగతిని మన ఇళ్లలో ఎవరూ ఎత్తరు, అది నన్ను చాలా బాధిస్తుంది.

ఇప్పుడు నేనొక నోటుపుస్తకంలో వాడి నిద్ర, తిండి, విరేచనం, కొట్టుకున్న సమయం రాస్తున్నాను. గత గురువారం మళ్లీ దవడ మీద కొట్టుకున్నాడు. పుస్తకం చూస్తే విరేచనం సక్రమంగానే ఉంది. వాడు నిద్రపోయాక టార్చి వేసి నోట్లో చూశాను. కింది వరుసలో, వెనుక పన్ను నల్లబడి ఉంది. సోమవారం పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్తున్నాం.