ఈఎంఎంసీ క్లాక్ ఎప్పుడు ఆపాలి: బోటు లాగర్‌తో నా అనుభవం

విశాఖ ఫిషింగ్ హార్బర్ మరబోట్ల కోసం బ్యాటరీతో నడిచే జీపీఎస్ లాగర్ (బోటు వెళ్లిన దారిని రాసిపెట్టే పెట్టె) చేస్తుండగా తగిలిన చిక్కు ఇది. బోర్డులో లైనక్స్, ఈఎంఎంసీ (బోర్డుకే అతికించిన ఫ్లాష్ స్టోరేజి చిప్), సెకనుకొక రికార్డు. ఒక్కో రికార్డు వంద బైట్లు కూడా ఉండదు. అయినా ఈఎంఎంసీ క్లాక్ (డేటా రాకపోకలకు లయ ఇచ్చే సిగ్నల్) మాత్రం రోజంతా 200 మెగాహెర్ట్జ్‌లో తిరుగుతూనే ఉంది.

డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ లోపలి స్థితి చూపే ఫోల్డర్) క్లాక్ సమ్మరీ తెరిస్తే ఎనేబుల్ కౌంట్ (క్లాక్ కావాలని అడిగినవాళ్ల లెక్క) సున్నాకు దిగడమే లేదు. డ్రైవర్‌లో వెతికితే కారణం దొరికింది. ట్యూనింగ్ (డేటాను ఏ క్షణంలో చదవాలో సరిచూసుకోవడం) ఫెయిలై మధ్యలోనే రిటర్న్ అయ్యే దారిలో రన్‌టైమ్ పీఎం (వాడని భాగాలను ఆపే కెర్నల్ ఏర్పాటు) 'పుట్' రాయలేదు. 'గెట్' వాడకం కౌంట్‌ను పెంచుతుంది, 'పుట్' తగ్గిస్తుంది. బూట్‌లో ఒక్కసారి ట్యూనింగ్ తప్పినా కౌంట్ ఒకటి మిగిలిపోతుంది, ఇక క్లాక్ ఆగదు. ఇలాంటిదే ఇంకో ఉచ్చు ఉంది: 'గెట్ సింక్' ఫెయిలైనా కౌంట్‌ను పెంచే ఉంచుతుంది. కొత్త కెర్నల్‌లో దాని బదులు 'రెజ్యూమ్ అండ్ గెట్' వాడితే ఆ బాధ ఉండదు.

ఈ లీకు (మిగిలిపోయే కౌంట్) పూడ్చాక ఆటోసస్పెండ్ ఆలస్యాన్ని (పని ఆగాక క్లాక్ ఆపేముందు వేచి ఉండే సమయం) 50 మిల్లీసెకన్ల నుంచి 5కు తగ్గించాను. అది తప్పు. యాప్ ప్రతి రికార్డుకూ ఎఫ్‌సింక్ (రాసింది చిప్‌లో పడేదాకా ఆగే పిలుపు) చేస్తోంది. ఒక ఎఫ్‌సింక్ అంటే డేటా రాత, జర్నల్ (ఫైల్ సిస్టమ్ మార్పుల చిట్టా) రాత, క్యాష్ ఫ్లష్. వాటి మధ్య కొన్ని మిల్లీసెకన్ల ఖాళీలు. ఆ ఖాళీల్లోనే క్లాక్ ఆగి, మళ్లీ లేచి, లేచిన ప్రతిసారీ రీట్యూనింగ్ జరుగుతోంది. ఎఫ్‌సింక్ నెమ్మదించింది, కరెంటూ పెరిగింది. (ఆలస్యం మార్చేటప్పుడు ఏ ఫోల్డర్‌లో మారుస్తున్నారో చూసుకోండి. కార్డు డివైస్‌కు, అంటే ఈఎంఎంసీ చిప్‌కు, వేరే ఆటోసస్పెండ్ ఉంది, 3000 మిల్లీసెకన్లు. అగ్రెసివ్ పీఎం (కార్డునూ ఆపే సెట్టింగ్) ఉన్న హోస్ట్‌లో (కార్డును నడిపే కంట్రోలర్) అది కార్డునే ఆపేస్తుంది, తర్వాత మొత్తం ఇనిషియలైజేషన్ 400 కిలోహెర్ట్జ్ నుంచి మళ్లీ మొదలు. మనకు కావాల్సింది హోస్ట్‌ది.)

కరెంటు కొలవడానికి 3.3 ఓల్ట్ సప్లై దారిలో 0.1 ఓమ్ షంట్ (కరెంటు కొలిచే చిన్న రెసిస్టర్) పెట్టి ఆసిలోస్కోప్‌లో చూశాను. 100 మిల్లీయాంప్‌లకు 10 మిల్లీఓల్ట్‌లు. మల్టీమీటర్ సగటు చూపిస్తుంది, లేచేటప్పటి శిఖరాలు కనిపించవు. లెక్క ఇలా వేయాలి: క్లాక్ ఊరికే తిరగడానికి 20 మిల్లీవాట్లు, ఒకసారి లేపడానికి 400 మైక్రోజూల్స్ అనుకుంటే, భాగిస్తే 20 మిల్లీసెకన్లు. అంతకన్నా చిన్న ఖాళీలో క్లాక్ ఆపితే నష్టమే. మీ బోర్డులో ఆ రెండు అంకెలూ మీరే కొలుచుకోవాలి, వేరే బోర్డువి పనికిరావు.

ఆపే చోటు కూడా ముఖ్యం. రాత కమాండ్ తర్వాత కార్డు డాట్0 అనే డేటా గీతను కిందికి లాగి 'బిజీ' అంటుంది. అప్పుడు క్లాక్ ఆపినా లోపలి రాత ఆగదు, కానీ బిజీ వదలడానికి కార్డుకు క్లాక్ అంచు కావాలి. బిజీ ముగియకముందే క్లాక్ ఆపేసి, డాట్0 పైకి లేస్తుందని కూర్చునే డ్రైవర్‌కు మిగిలేది టైమ్‌అవుటే. కంట్రోలర్ రిజిస్టర్ల వైపు క్లాక్ ఆగి ఉన్నప్పుడు ఇంటరప్ట్ హ్యాండ్లర్ (హార్డ్‌వేర్ పిలిస్తే నడిచే డ్రైవర్ ఫంక్షన్) రిజిస్టర్ చదివితే ఇంకా ఘోరం, చాలా చిప్‌లలో లోపలి డేటా దారి, అంటే బస్సే, బిగుసుకుపోతుంది. హ్యాండ్లర్ మొదటి వరుసలోనే సస్పెండ్ అయ్యిందా అని చూడాలి.

తర్వాత యాప్ మార్చాను: 30 రికార్డులు ర్యామ్‌లో పోగుచేసి ఒకే ఎఫ్‌సింక్. పవర్ పోతే అర నిమిషం దారి పోతుంది, ఈ పనికి అది ఒప్పుకోదగ్గదే. డ్రైవర్‌లో ఎంత తిప్పలు పడ్డా రానంత ఆదా ఇక్కడే వచ్చింది.

అయినా మే నెల ఎండలో మూసిన పెట్టెలో పెట్టి చూస్తే లేచినప్పుడల్లా లాగ్‌లో మైనస్ 84, అంటే సీఆర్‌సీ (డేటా సరిచూసే అంకె) తప్పు. రీట్యూనింగ్ తప్పించడానికి, చల్లగా ఉన్నప్పుడు దాచుకున్న శాంప్లింగ్ పాయింట్‌నే (డేటా చదివే క్షణం) వాడుతున్నాను, సరైన పాయింట్ వేడికి జరిగిపోయింది. రెజ్యూమ్‌లో ప్రతిసారీ రీట్యూన్ చేస్తే తప్పు పోతుంది, లేపే ఖర్చు మళ్లీ పెరుగుతుంది. అప్పుడే అసలు ప్రశ్న తట్టింది: ఈ పనికి హెచ్‌ఎస్200 (ట్యూనింగ్ అడిగే 200 మెగాహెర్ట్జ్ మోడ్) దేనికి? డివైస్ ట్రీలో (హార్డ్‌వేర్ వివరాల ఫైల్) ఆ వరుస తీసేసి నెమ్మది మోడ్ డీడీఆర్52 ఉంచాను. 52 మెగాహెర్ట్జ్, 8 బిట్లు, రెండు అంచులు: సెకనుకు 104 మెగాబైట్ల దాకా. ట్యూనింగ్ అవసరమే లేదు. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ కాస్త నెమ్మదిస్తుంది, అది ఎప్పుడో ఒకసారి. లేపే ఖర్చు పడిపోయింది కాబట్టి మళ్లీ కొలిచి ఆలస్యాన్ని 20 మిల్లీసెకన్ల దగ్గర స్థిరపరిచాను.

చివరి పరీక్ష ఎఫ్‌ఐవో అనే స్టోరేజి పరీక్షా సాధనంతో: 4కే ర్యాండమ్ రీడ్, క్యూ లోతు 1 (ఒకసారికి ఒకే రీడ్), డైరెక్ట్ మోడ్ (ర్యామ్ క్యాష్ వాడకుండా), థింక్‌టైమ్ (రీడ్‌ల మధ్య ఖాళీ) 30000 మైక్రోసెకన్లు. ఆలస్యం కన్నా ఖాళీ కొంచెం ఎక్కువ కాబట్టి ప్రతి రీడ్‌కూ క్లాక్ లేవాల్సిందే. రీడ్ సమయాల్లో సగటును కాదు, 99వ పర్సంటైల్‌ను (వందలో 99 రీడ్‌లు ఆ లోపే ముగిసే సమయం) చూడండి. రాత్రంతా నడిపి, ఎండలో ఇంకోసారి నడిపి, లాగ్‌లో 84 ఒక్కటీ లేకపోతేనే పెట్టె మూయాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులూ మరబోట్లు జెట్టీ దగ్గరే ఉంటాయి కాబట్టి బిగించడానికీ, తప్పుంటే విప్పి తెచ్చుకోవడానికీ అదే అదను.