బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు

కడపలో ఎండ ముదరకముందే షెడ్డుకు చేరుకున్నాను. మా బావగారు కొన్న పాత టెంపో ట్రావెలర్‌లో లిథియం బ్యాటరీకి ఫ్యూజు ఎక్కడ ఉండాలి, మెయిన్ స్విచ్చి ఎక్కడ ఉండాలి అన్నది తేల్చేసరికి మధ్యాహ్నమయింది. గండికోటకు వెళ్లి పెన్నా లోయ దగ్గర రాత్రిళ్లు బండిలోనే పడుకోవాలన్నది ఆయన చిరకాల కోరిక. అందుకోసం వెనుక సీట్లు తీయించి మంచం, చిన్న ఫ్రిజ్, ఫ్యాన్లు, 2000 వాట్ల ఇన్వర్టర్ పెట్టిస్తున్నారు.

షెడ్డులో వైరింగ్ చేస్తున్న కుర్రవాడు పనిమంతుడే. అయితే బ్యాటరీని మంచం కింద ఉంచి, ఫ్యూజును మాత్రం డ్రైవర్ సీటు వెనుక, ఇన్వర్టర్ పక్కన బిగించాలనుకున్నాడు. ఎందుకని అడిగితే, "ఫ్యూజు పోతే మార్చేదానికి మంచం ఎత్తాల గదన్నా, ఈడయితే చేతికందుతాది" అన్నాడు. అతని ఆలోచనలో న్యాయం ఉంది కానీ, అలా చేస్తే బ్యాటరీ నుంచి ఫ్యూజు వరకు రెండు మీటర్లకు పైగా కేబుల్ ఏ రక్షణా లేకుండా నేల రేకు మీదుగా పోతుంది. ఆ కేబుల్ దూరే రంధ్రం అంచును వేలితో తడిమి చూశాను; చర్మం కోసుకునేంత పదునుగా ఉంది, కేబుల్ కోసుకుపోకుండా రంధ్రం అంచుకు తొడిగే రబ్బరు గ్రోమెట్ కూడా వేయలేదు. బండి కుదుపులకు ఇన్సులేషన్ అరిగి రాగి ఆ రేకుకు తగిలిందంటే, అవతల కొసన ఉన్న ఫ్యూజుకు ఆ సంగతే తెలియదు, ఎందుకంటే షార్ట్ కరెంటు దాని గుండా పోనే పోదు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లు ఒక్కొక్కటి 3.2 వోల్టులు, నాలుగు వరుసగా కలిపితే 12.8. ఈ వోల్టేజీని చూసి చాలామంది భయపడరు. ప్రమాదమంతా లోపలి నిరోధం అతి తక్కువగా ఉండటంలోనే ఉంది. సెల్లు, కలిపే పట్టీలు, కేబుల్ అన్నీ కలిపి మూడు మిల్లీఓములు అనుకున్నా, షార్ట్ అయిన క్షణంలో నాలుగు వేల ఆంపియర్లకు పైగా పారుతుంది. అందుకే పడవల వైరింగ్‌కు అమెరికాలో పాటించే ప్రమాణం సాధారణంగా ఫ్యూజును బ్యాటరీకి ఏడు అంగుళాల లోపు, అంటే జానెడుకన్నా తక్కువ దూరంలో ఉంచమంటుంది. బండికి కూడా ఇదే సరైన కొలత అని నా గట్టి నమ్మకం.

"బీఎంఎస్ ఉంది కదా, అది ఆపదా?" అని బావగారు అడిగారు. బీఎంఎస్ అంటే బ్యాటరీలో సెల్లను కనిపెట్టి ఉండే ఎలక్ట్రానిక్ బోర్డు; అది ఉన్నది ముఖ్యంగా సెల్లను కాపాడటానికి. పైగా అందులో కరెంటును తెంచే మాస్ఫెట్లనే ఎలక్ట్రానిక్ స్విచ్చులు చెడిపోయినప్పుడు తరచుగా కరెంటును తెంచకుండా షార్ట్ అయి ఉండిపోతాయి. కేబుల్‌ను కాపాడవలసింది ఫ్యూజే.

ఫ్యూజు రకం దగ్గర ఎక్కువసేపు ఆగాము. కుర్రవాడు తెచ్చిన మెగా ఫ్యూజు తెంచగలిగే కరెంటు మామూలుగా 2000 ఆంపియర్లే. అంతకు మించితే లోపలి తీగ కరిగినా ఆ ఖాళీలో ఆర్క్, అంటే గాలిలోంచి కరెంటు దూకే మంట, నిలిచి మండుతూనే ఉండవచ్చు. క్లాస్ టి ఫ్యూజుకు ఆ సామర్థ్యం 20,000 ఆంపియర్లు కనుక అదే తెప్పించమన్నాను. ఇన్వర్టర్ నష్టాలతో కలిపి 12 వోల్టుల వద్ద సుమారు 185 ఆంపియర్లు లాగుతుంది. దానికి నాలుగో వంతు కలిపితే 231, కాబట్టి 250 ఆంపియర్ల ఫ్యూజు. దానికి తగ్గట్టు 105 డిగ్రీల వేడిని తట్టుకునే ఇన్సులేషన్ ఉన్న 70 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ రాసిచ్చాను. మన కడప వేసవిలో మూసిన బండి లోపల వేడి ఎంత పెరుగుతుందో తెలిసినవారెవరూ ఇక్కడ పొదుపు చేయకూడదు. ఫ్యాన్ల సన్న తీగలను ఈ పెద్ద ఫ్యూజు కాపాడలేదు. వాటికి బస్‌బార్ (తీగలన్నీ వచ్చి కలిసే లోహపు పట్టీ) దగ్గరే వేరుగా చిన్న ఫ్యూజులు పడాలి.

ఇక చేతికందాలన్న కుర్రవాడి మాటకు జవాబు స్విచ్చి. బ్యాటరీ ప్లస్ నుంచి ముందు ఫ్యూజు, ఆ తర్వాత స్విచ్చి, ఆ తర్వాత బస్‌బార్ అన్నది నేను గీసిచ్చిన వరుస. స్విచ్చి వెనుక తలుపు పక్కన ఉంటే మంచం ఎత్తకుండానే ఎవరైనా తిప్పగలరు, అక్కడి దాకా పోయే కేబుల్ కూడా ఫ్యూజు కాపలాలోనే ఉంటుంది. అతను స్విచ్చిగా వాడదామని ఇళ్లలో పెట్టే ఎంసీబీ (లోడు మించితే తనంతట తాను పడిపోయే స్విచ్చి) చూపించాడు. ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది కనుక అందులో ఆర్క్ తనంతట తాను ఆరిపోతుంది. డీసీకి ఆ విరామం లేదు. అందుకని 300 ఆంపియర్ల డీసీ బ్యాటరీ స్విచ్చే కావాలని చెప్పాను.

ఇంజిన్ బ్యాటరీ నుంచి డీసీ-డీసీ ఛార్జర్ ద్వారా వచ్చే కేబుల్‌కు రెండు కొసల్లోనూ బ్యాటరీ ఉంది కాబట్టి రెండు వైపులా ఫ్యూజులు తప్పవు. సోలార్ ప్యానెల్‌కు వేరే స్విచ్చి ఉండాలి, ఎండలో మెయిన్ స్విచ్చి ఆపే ముందు దాన్ని ఆపాలి. లేకపోతే ప్యానెల్ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు సర్దే కంట్రోలర్ దెబ్బతినవచ్చు. ఈ వరుసను బావగారి చేతనే కాగితం మీద రాయించి తలుపు లోపలి వైపు అంటింపించాను.

ఆదివారం గండికోటకు బయలుదేరాలని ఆయన అప్పటికే అక్కకు చెప్పేశారు. క్లాస్ టి ఫ్యూజు వచ్చేదాకా ప్లస్ కేబుల్ తగిలించవద్దని చెప్పి, దాని కొసన ఉన్న లోహపు లగ్గుకు మందంగా టేపు చుట్టించాను. కొంచెం చిన్నబుచ్చుకున్నా, ఆ తర్వాతి వారానికి మార్చుకోవడానికి ఒప్పుకున్నారు.