కూలరు తీసేసిన కిటికీ

మహారాష్ట్రలోని విదర్భ ప్రాంతంలో, బల్లార్షాలో ఉన్న మా రెండు గదుల ఇంటికి మే నెలలో 45 డిగ్రీలు దాటే ఎండా, డిసెంబరు తెల్లవారుజామున 10 డిగ్రీల దాకా దిగే చలీ చాలావరకు కిటికీల దారినే వస్తాయి.

మొదట పడమటి కిటికీకి లోపలివైపు మందపాటి కర్టెన్ కట్టాము. ఎండ గాజును దాటి వచ్చి కర్టెన్‌ను కాల్చేది; అలా కాగిన గుడ్డ విడిచే వేడిని గాజు నేరుగా బయటికి పోనివ్వదు కనుక గది ఉడికిపోయేది. ఇప్పుడు మార్చి చివరికల్లా వెదురు తడికను కిటికీకి బయట, గోడకు జానెడు ఎడంగా కడుతున్నాము. మధ్యలో గాలి ఆడుతుంది కాబట్టి తడిక వేడి గాజుకు అంతగా తగలదు.

దక్షిణపు కిటికీకి మాత్రం సజ్జా చాలు. మా ఊరు సుమారు 20 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నందున, మే మూడో వారంలో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తిన నిలుస్తాడు. డిసెంబరులో దక్షిణానికి వాలి, అదే సజ్జా కిందుగా వెచ్చని ఎండను గదిలోకి పంపుతాడు. చలికాలంలో పగటిపూట ఆ కిటికీకి ఏదీ అడ్డం పెట్టవద్దని నా మనవి.

అసలు చిక్కు కూలరు కిటికీతోనే. విదర్భ వేసవి గాలి పొడిగా ఉంటుంది కనుక కూలరు బాగా పనిచేస్తుంది, అయితే దానికోసం కిటికీ రెక్కలు ఊడదీస్తాము. చలికాలంలో కూలరు తీసేశాక అక్కడ మిగిలేది ఊచలు, వాటికి కట్టిన అట్టముక్క. అమ్మ మంచం ఆ కిటికీ కిందే ఉండేది. ఆమె రాత్రంతా మఫ్లరు చుట్టుకుని ముడుచుకుని పడుకోవడం చూసి నా మనసు చివుక్కుమంది. చట్రం కొలతకు ప్లైవుడ్ కోయించి, దాని వెనుక అంగుళం మందం థర్మోకోల్ అతికించి, అంచుల చుట్టూ స్పాంజి టేపు వేశాను. థర్మోకోల్‌లో చిక్కుకున్న గాలి కదలదు కనుక చలిని ఆపుతుంది, కానీ అంచున సన్నని సందు మిగిలినా ఆ మందం అక్కరకు రాదు. అందుకే అగరుబత్తిని అంచు వెంబడి తిప్పి, పొగ వంగిన ప్రతిచోటా మళ్లీ టేపు వేశాను.

ఇలా బిగించిన గదిలో బొగ్గుల సిగిడీని, అంటే కుంపటిని, ఎంతమాత్రం ఉంచకూడదు. మా బొగ్గు గనుల ప్రాంతంలో అది చాలా ఇళ్లలో ఉంటుంది. దాని నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అమ్మ చలి కాచుకునేది పెరట్లోనే, మా సిగిడీ రాత్రంతా అక్కడే ఉంటుంది.